నీ తల మీద ఆర్పిన కర్పూరం

విశాఖపట్నం, హార్బర్ పేట
మార్చి, ఆదివారం

తమ్ముడు దొరబాబుకు, ఇక్కడ ఎండ తప్ప కొత్త సంగతేమీ లేదని మొదలుపెట్టి ఇంత కాగితం నింపబోతున్న మీ అప్ప పోతమ్మ రాస్తున్నది.

చేతిలో ఫోను ఉండగా ఈ కాగితాలేమిటని మీ బావ నవ్వుతున్నాడు. ఫోన్లో ఏం మాట్లాడతాం? నేను హలో అనగానే ఆయన స్పీకరు పెట్టమంటాడు. గోడ అవతల నుంచి కాశమ్మ "దొరబాబేనా? పెళ్ళెప్పుడంట?" అని అరుస్తుంది. అదీకాక నువ్వు పాలిటెక్నిక్‌కి వెళ్తూ నాకు నేర్పిన అక్షరాలు ఇవి. రాయకపోతే తుప్పు పడతాయి. మనం మాట్లాడుకునేట్టు రాస్తే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేవాడివి కదా, అందుకే ఇంత మడి కట్టుకుని రాస్తున్నాను.

మీ బావ కాలు అలాగే ఉంది. వలలు బాగుచేసుకుంటూ కూర్చోవయ్యా అంటే వినడు. పోయిన వారం దుర్గారావు బోటులో మనిషి తక్కువైతే కుంటుకుంటూ వేటకెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేదాకా నేను ఇల్లు ఊడవలేదు. చిన్నప్పుడు నువ్వు ఏడిపించేవాడివి గుర్తుందా, "అప్పా, మనింటి సీపురు సముద్రానికి కనబడతాదేటి?" అని. కనబడుతుందో లేదో నాకేం తెలుసు. మగవాడు నీళ్ళ మీద ఉండగా మనమ్మ ఎప్పుడూ ఇల్లు ఊడవలేదు, నేనూ ఊడవను.

అసలు సంగతి ఇది. నువ్వు అక్కడా నేను ఇక్కడా పనిచేసే మన కంపెనీలో, రొయ్యలు ఒలిచే షెడ్డుకి మేనేజరు అర్జునరావు ఒక కాగితం తెచ్చి అందరికీ చదివి వినిపించాడు. మన సరుకు కొనే విదేశీ కంపెనీ అడిగిందట. కులం చూసి, మతం చూసి, ఆడా మగా అని చూసి ఎవరినీ పనిలోంచి తీయకూడదు. బాగానే ఉంది. చివర ఇంకో వాక్యం ఉంది. మగవాణ్ణి ఇష్టపడే మగవాణ్ణి, ఆడదాన్ని ఇష్టపడే ఆడదాన్ని కూడా ఆ కారణం చెప్పి తీయకూడదట. షెడ్డులో అందరి చేతులూ ఆగిపోయాయి. తర్వాత ఒకటే నవ్వులు. కాశమ్మ మాత్రం నవ్వలేదు. "ఓలమ్మ, అలాటోళ్ళు సెయ్యెట్టిన సరుకు ఓడెక్కితే గంగమ్మ ఊరుకుంటాదేటి? రేపు మనోళ్ళు సముద్రమ్మీదికి ఎల్లాలా ఒద్దా?" అంది. ఆ మాట పేటంతా పాకింది.

పెద్దలు గంగమ్మ గుడి ముందు కూర్చున్నారు. మీకు వద్దంటే ఆ వాక్యం తీసేస్తామని ఓనరు కబురు పెట్టాడు. పేట తరఫున ఎవరో ఒకరు కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలి కదా. పండగకి ఘటం ఎత్తేది మా ఇంటి నుంచే కాబట్టి నన్ను ముందుకు తోశారు. "మాలో అలాటోళ్ళు నేరు, ఆ రూలు మాకొద్దు" అని, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. పిల్లలున్నవాళ్ళు పిల్లల తల మీద ఆన పెడతారు. నాకెవరున్నారు? "మా దొరబాబు తల మీద ఆన" అని ఆర్పేశాను. చెయ్యి కాలలేదు. "అమ్మ ఒప్పీసుకుంది" అన్నాడు సూరన్న తాత. అమ్మ ఒంటిమీదకొస్తే మాట చెప్పే దాసుడు ఆయనే, ఆయన మాటకు తిరుగులేదు. ఆ రోజు అందరూ నన్ను ఎలా చూశారో నువ్వు చూడాల్సింది.

వేళకు తిను. నీ అప్ప.


వేరావల్
మార్చి చివర

అప్పకు,

ఉత్తరం అందింది. ఒక్క తప్పు లేదు. ఎర్ర పెన్ను అటకెక్కించాను.

గుజరాత్ ఎండ మన ఎండలాంటిది కాదు, చెమట పట్టకుండానే మనిషిని ఆరబెట్టేస్తుంది. క్వాలిటీ రూములో చలికి వణికి, బయటికొచ్చి ఎండకు మాడి, ఒక్కరోజులోనే రెండు కాలాలు చూస్తున్నాను. తిండికి లోటు లేదు. నా గదిలో ఉండే శ్రీరామ్మూర్తి సంగతి రాశాను కదా, గోపాలపట్నం అబ్బాయి, కోల్డ్ స్టోరేజీ లెక్కలు చూస్తాడు. వాళ్ళది పొలం పనుల ఇల్లు. చేపల వాసనకి ముక్కు మూసుకునేవాడు. ఇప్పుడు నాకోసం చేపల పులుసు నేర్చుకున్నాడు. నీ పులుసులా ఉండదు గానీ, చింతపండు దగ్గర పిసినారితనం చేయడు.

అప్పా, నా తల ఎందుకు పెట్టావు? అడుగుతున్నానంతే.

ఆ కాగితం నేనూ చదివాను. ఇక్కడి బోర్డు మీదా అంటించారు. అందులో ఎవరినీ పెళ్ళి చేసుకోమని లేదు, ఎవరినీ గుళ్ళోకి రానివ్వమని లేదు. పనిలోంచి తీయకూడదని మాత్రమే ఉంది. అన్నం తినే చోట అన్నం తిననివ్వమని. దానికి అమ్మవారు ఎందుకు అడ్డొస్తుంది? అమ్మ ఒంటిమీదకొచ్చిన రోజు సూరన్న తాత చీర కట్టుకుంటాడు. ఆయన కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసి మొక్కుతాం. మర్నాడు ఆయన్ని వల లాగనివ్వకుండా ఆపామా?

చెయ్యి కాలలేదని రాశావు. పెళ్ళి కాకముందు నుంచీ ఐసులో నానుతున్న చెయ్యి అది. దానికి వేడి తెలియకపోతే అమ్మ ఒప్పుకున్నట్టేనా?

నా మాట ఒకటి విను. ఆ వాక్యం ఉండనివ్వమని పెద్దలకు చెప్పు. నువ్వు చెబితే వింటారు.

దొరబాబు


విశాఖపట్నం
ఏప్రిల్

బాబూ,

చదువుకున్నవాడివి, అన్నిటికీ మాటకు మాట ఉంటుంది నీ దగ్గర. సూరన్న తాతది అమ్మ కట్టించిన చీర. అమ్మ దిగిపోగానే మడతపెట్టి పెట్టెలో పెట్టేస్తాడు. అదీ ఇదీ ఒకటేనా?

పని అంటే మనకు కూడు ఒక్కటే కాదు. మీ ఆఫీసుల్లో ఎలాగో నాకు తెలియదు. షెడ్డు తెరిచే ముందు కొబ్బరికాయ కొడతాం. బోటు దించే ముందు పసుపు కుంకుమ పెడతాం. అమ్మ చల్లగా చూస్తేనే వల బరువెక్కుతుంది. కట్టు తప్పినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, మాకు సంబంధం లేదమ్మా అంటే ఆమె వింటుందా? నువ్వు కాగితం చూస్తున్నావు, నేను నీళ్ళు చూస్తున్నాను. మన నాన్న ఏ నీళ్ళల్లో ఉన్నాడో గుర్తు చేసుకో.

పెద్దలకు చెప్పే పని ఇక లేదు. ఓనరే వచ్చి, గంగమ్మకు చీర పెట్టి, మా అందరి ముందు ఆ వాక్యం మీద నల్ల రంగు పూయించాడు. మీ వేరావల్లోనూ పూసే ఉంటారు. మిగిలిన వాక్యాలన్నీ ఉన్నాయి, ఆడవాళ్ళకు మంచివే. వేట నిషేధం మొదలైంది, బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి, మగవాళ్ళకు పనిలేక కబుర్లు ఎక్కువయ్యాయి. ఎక్కడ చూసినా నేను కర్పూరం ఆర్పిన కథే.

ఇక నీ కథకి వద్దాం. మీ బావ మేనకోడలు ధనశ్రీ నర్సింగు పాసైంది. నీ ఫోటో చూసి తల దించుకుని నవ్వింది. ఆ పిల్ల అమ్మానాన్నలు ఉక్కునగరం క్వార్టర్లో ఉంటారు, మర్యాదస్తులు. నిషేధం పోయేలోపు ఒక్కసారి వచ్చి వెళ్ళు. ఆ పులుసు వండే అబ్బాయిని కూడా తీసుకురా, నా చేతి పులుసు తిని బుద్ధి తెచ్చుకుంటాడు.

అప్ప


వేరావల్
మే

అప్పా,

దీన్ని ఒంటరిగా చదువు. బావకి చదివి వినిపించకు.

నా ఉద్యోగం పోయింది. మూర్తిదీ పోయింది. కంపెనీ క్వార్టర్లలోనే మా గది. ఉక్కపోతకి మేడెక్కి కూర్చున్నాం. చేతిలో చెయ్యి ఉంది. వాచ్‌మన్ చూశాడు, మర్నాటికి ఆఫీసులో అందరికీ తెలిసింది. చెయ్యి పట్టుకున్నందుకే తీసేశారని రాసి తప్పించుకోవచ్చు. తప్పించుకోను. కాగితంలో ఆ చివరి వాక్యం ఎవరి గురించో, అది నేనే. నువ్వు గుడి ముందు "నేరు" అన్నావే, ఉన్నాను. మీసాలు రాకముందు నుంచీ ఉన్నాను. నాలుగేళ్ళుగా మూర్తితో ఉన్నాను.

వైజాగ్ ఆఫీసు నుంచి అర్జునరావు ఫోన్ చేశాడు. మంచివాడే, గొంతు తగ్గించి మాట్లాడాడు. "నాకేటీ పగ నేదు తమ్ముడూ. ఆ రూలుంటే దాన్నే అడ్డమెట్టి నిన్ను ఉంచీసేవోణ్ణి. ఒద్దన్నది మీ పేటోళ్ళే. ఆర్పింది మీ అప్పే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. నిజమే కదా.

నీకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నీ మీద నమ్మకం లేక కాదు. ఒక్కసారి చెప్పేస్తే నువ్వు నా వైపు చూసే చూపు మారుతుందేమోనని. అమ్మ పోయాక ఆ చూపు తప్ప నాకు వేరే ఇల్లు లేదు.

జవాబు రాయి. తిట్టయినా సరే.

దొరబాబు


విశాఖపట్నం
మే

బాబూ,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టేశాను. నువ్వూ ఇది చదివి చించెయ్.

అబద్ధమని రాయి. ఉద్యోగం పోయిందన్న కోపంలో రాశానని రాయి. నేను నమ్ముతాను, ప్రమాణంగా నమ్ముతాను. నీ తల మీద ఆర్పానురా. తల మీద ఆర్పిన మాట తప్పైతే అమ్మ ఎవరిని అడుగుతుందో నీకు తెలియదా? నన్ను అడగదు, నిన్ను అడుగుతుంది.

నీళ్ళ దగ్గరికి వెళ్ళకు. సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో కూడా పడుకోకు. వెంటనే బయల్దేరి వచ్చెయ్. ధనశ్రీ వాళ్ళకి ఏమీ తెలియదు. తాళి కట్టేస్తే అంతా సర్దుకుంటుంది, నా మాట కూడా నిజమవుతుంది. ఇంక ఏమీ అడగను, ఎప్పుడూ అడగను.

ముద్ద దిగడం లేదు. మీ బావ ఏమైందంటే పంటినొప్పి అని చెప్పాను.

అప్ప


వేరావల్
జూన్

అప్పకు,

తిట్టు రాయమన్నాను. నువ్వు రాసింది తిట్టు కన్నా గట్టిది. ఉత్తరమంతా వెతికాను, ఉద్యోగం పోయినందుకు "అయ్యో" అన్న మాట ఎక్కడా లేదు. మూర్తి ఏమయ్యాడన్న మాట లేదు. నీ ప్రమాణం నిజం కావడానికి నేను ఆ పిల్ల గొంతు కోయాలి. ఆమె ఏం పాపం చేసింది? నా ఫోటో చూసి నవ్వడమేనా?

నువ్వు అడగకపోయినా రాస్తున్నాను. మూర్తిని వాళ్ళ నాన్న వచ్చి గోపాలపట్నం తీసుకుపోయాడు. కొడుకు బట్టలు తనే సర్దాడు, నా వైపు చూడలేదు. వెళ్తూ మూర్తి పులుసు గిన్నె నాకు వదిలేశాడు. ఇప్పుడు వాడి ఫోను వాళ్ళ అమ్మ ఎత్తుతోంది.

మాలాంటి వాళ్ళం నేరస్తులం కాదని పెద్ద కోర్టు ఎప్పుడో చెప్పింది. అది మంచిదే. కానీ ప్రైవేటు కంపెనీ ఓనరు నన్ను గుమ్మంలోంచి గెంటేస్తే, ఆపు అనడానికి నా చేతిలో పట్టుకునేందుకు ఒక్క కాగితం లేదు. ఒక్కటే వాక్యం ఉండేది. దాని మీద రంగు పూశారు. ఇక్కడ మిగతా కంపెనీలకూ కబురు వెళ్ళింది, ఎవరూ లోపలికి రానివ్వడం లేదు.

మన శ్రీకాకుళం వైపు వాళ్ళు ఇక్కడ చాలామంది బోట్ల మీద పని చేస్తున్నారు. బోటు నడిపే ఒక సరంగుతో మాట్లాడాను. ఆగస్టులో ఇక్కడ వేట నిషేధం ఎత్తేసి సముద్రం తెరుస్తారు. డిప్లొమా చదివి చివరికి నాన్న పనికే వచ్చాను. నువ్వు ఆన పెట్టిన తలే, ఆ నీళ్ళ మీదికే తీసుకెళ్తున్నాను. అమ్మవారికి కావాలంటే అక్కడ దొరుకుతాను.

దొరబాబు


విశాఖపట్నం
జూలై

బాబూ,

నెల రోజులుగా రాస్తూ చించుతున్నాను. కోపంగా రాస్తే నువ్వు బోటెక్కుతావని భయం, ప్రేమగా రాస్తే నమ్మవని భయం. కక్కలేను, మింగలేను.

సూరన్న తాత దగ్గరికి వెళ్ళాను. ఎవరో తెలిసినవాళ్ళ సంగతి అన్నట్టు అడిగాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "నీ తమ్ముడేనేటి?" అన్నాడు. నేను ఏడ్చాను. ఆయనేమీ ఓదార్చలేదు, విసుక్కున్నాడు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊరికే అన్నారేటి? ఎక్కడార్పినావో అక్కడే ఎలిగించాల. ఎవుల ముందు ఆర్పినావో ఆల ముందే సెప్పాల. గుట్టుగా సేత్తే సెల్లదు" అన్నాడు. ఆ మాట చెప్పి మళ్ళీ చుట్ట వెలిగించుకున్నాడు.

మన వైపు నిషేధం పోయిన రోజున పేటంతా గుడి ముందే ఉంది. బోట్లకు బంతిపూల దండలు, డప్పులు. కొంగులో కర్పూరం కట్టుకుని, అగ్గిపెట్టె పట్టుకుని వెళ్ళాను. కాశమ్మ నన్ను చూసి "మా పోతమ్మ లేపోతే ఏ రోజులొచ్చునో" అని అందరికీ వినబడేట్టు అంది. అందరూ దారిచ్చారు. అంత మంచిగా దారిచ్చిన వాళ్ళ ముందు అగ్గిపుల్ల గీయలేకపోయాను. కొబ్బరి చెక్క తీసుకుని ఇంటికొచ్చేశాను. కర్పూరం కొంగులోనే కరిగి హరించుకుపోయింది.

నీకు అయ్యో అనలేదని రాశావు. నిజమే. నాకు నీ ప్రాణం తప్ప ఇంకేమీ కనబడలేదు.

బోటెక్కకు. నాకు ఇంకొంచెం వ్యవధి ఇవ్వు.

అప్ప


వేరావల్
ఆగస్టు

అప్పా,

వలలు ఎక్కించారు, ఐసు ఎక్కించారు. ఎల్లుండి వెళ్తున్నాం. తిరిగి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

బావ కాలు జాగ్రత్త.

దొరబాబు


విశాఖపట్నం
శ్రావణ శుక్రవారం

బాబూ,

నువ్వు నీళ్ళ మీద ఉన్నావు. ఒడ్డుకొచ్చిన రోజున ఇది నీ చేతిలో పడాలని బోటు ఓనరు చిరునామాకు పంపుతున్నాను.

నీ చిన్న ఉత్తరం నిన్న అందింది. మీ బావకు మొత్తం చెప్పేశాను. ఆయన చేతిలో వల దారం పక్కన పెట్టాడు. "గుంటడు అలలమీద ఉన్నాడు. ఇంకేటి ఆలోసిత్తన్నావ్?" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద ఇంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఇవాళ శ్రావణ శుక్రవారం. ఆడవాళ్ళందరూ గుడికి వచ్చారు, పెద్దలూ ఉన్నారు. అమ్మ ముందు కర్పూరం వెలిగించాను. నేను ఏమన్నానో అన్నట్టే రాస్తాను. "ఇక్కడే నానార్పినాను. అది అబద్ధం. మాలో నేరన్నాను, ఉన్నాడు. మా దొరబాబు అలాటోడే. నాకు తెలీక ఆడి తలమీద ఆనెట్టినాను. ఆడి తల వదిలీ తల్లీ, ఏటున్నా నన్నడుగు" అన్నాను. కర్పూరం దానంతట అది ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.

సూరన్న తాత ఒక్కడే "సెల్లింది" అన్నాడు. కాశమ్మ నా చేతిలో పెట్టబోయిన ప్రసాదం వెనక్కి తీసుకుంది. సాయంత్రం పెద్దలు వచ్చి ఘటం పట్టుకుపోయారు. మా అత్తగారి అత్తగారి నాటి నుంచి ఈ ఇంట్లో ఉన్న ఘటం. అది ఉన్న మూల గోడ మీద పసుపు మరక మిగిలింది. షెడ్డులో నా బల్ల దగ్గర రేపటి నుంచి ఎవరూ కూర్చోరట, చెప్పి మరీ వెళ్ళారు.

నీ దగ్గర అబద్ధం ఆడను. నీది మంచి దారి అని నాకు ఇంకా అనిపించడం లేదు. కానీ అమ్మవారికీ నీకూ మధ్య నా చెయ్యి అడ్డు ఉండకూడదు. తీసేశాను. ఇక నువ్వు హాయిగా ఊపిరి పీల్చుకో, ఇంటికి వచ్చెయ్.

నువ్వు వెళ్ళిన సంగతి తెలిసినప్పటి నుంచి ఇల్లు ఊడవలేదు.

అప్ప


వేరావల్
సెప్టెంబరు

అప్పకు,

ఒడ్డుకొచ్చాను. నీ ఉత్తరం సరంగు తెచ్చి ఇచ్చాడు. జెట్టీ మీదే కూర్చుని చదివాను.

నేను ఆనలు నమ్మను. నీకు తెలుసు. అయినా ఒక సంగతి చెప్తాను. పెద్ద గాలి లేచి బోటు ఒరిగిన ప్రతిసారీ నా చెయ్యి నా తల మీదికి పోయింది. చదువుకున్న చెయ్యి కూడా నా మాట వినలేదు. ఆ భయం ఎవరు పెట్టారో గుర్తొచ్చినప్పుడల్లా నీ మీద కోపం వచ్చేది, వెంటనే నీ చేతి ముద్ద గుర్తొచ్చేది. రెండూ కలిపి మింగడం చాలా కష్టం అప్పా.

నువ్వు చేసింది చిన్న పని కాదు. ఘటం పోయిందని చదివినప్పుడు ఏడుపొచ్చింది. ఆ గుడి ముందు నా పేరు చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు, అంత గుండె నాకు లేదు.

కానీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నా తల వదలమని అమ్మను అడిగావు. ఆ వాక్యం మీద పూసిన రంగు తీయమని ఎవరినీ అడగలేదు. నువ్వు నా ప్రాణాన్ని కాపాడుకున్నావు. నన్ను కాదు. ఒక్కటే అడుగుతాను, నిజం రాయి. పనిలోంచి తీసేసింది నన్ను కాకుండా కాశమ్మ కొడుకునైతే, నువ్వు మళ్ళీ కర్పూరం వెలిగించేదానివా?

మూర్తికి వచ్చే నెలలో పెళ్ళి. వాడే ఫోన్ చేశాడు, వాళ్ళ అమ్మ పక్కనే ఉంది కాబోలు, "ఆశీర్వదించండి" అన్నాడు. నన్ను మీరు అన్నాడు. సరే అన్నాను.

నేను ఇంటికి రాను. పగతో కాదు. ఆ పేటలో నడిస్తే నన్ను చూసి పక్కకు తప్పుకునే వాళ్ళందరూ నీ మాట మీద తప్పుకున్నవాళ్ళే అనిపిస్తుంది, అది నేను మోయలేను. ఇక మీదట ఏ రోజు వెళ్తానో, ఏ రోజు వస్తానో రాయను. నువ్వు అక్కడ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నాకు ఇక్కడ అలలు ఇంకా పెద్దవవుతున్నాయి.

బావకు నా దండాలు. ఇప్పటికీ నన్ను ఇంటి పిల్లాడిలా గుంటడు అన్నందుకు.

దొరబాబు


విశాఖపట్నం
అక్టోబరు

బాబూ,

నిజం రాయమన్నావు. లేదు. కాశమ్మ కొడుకైతే వెలిగించేదాన్ని కాదు. వాణ్ణి తీసేసి మంచి పని చేశారనుకుని, కాశమ్మ ఇంటి వైపు చూడటం కూడా మానేసేదాన్ని. ఈ మాట రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

రాశాక పెన్ను పక్కన పెట్టి అర్జునరావు దగ్గరికి వెళ్ళాను. ఆ వాక్యం మీద రంగు గీకేయండి బాబూ అన్నాను. ఆయన కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. "ఒద్దన్నప్పుడు ఊరంతా ఒచ్చారు. కావాలన్నప్పుడు నువ్వొక్కదానివే ఒచ్చావేటి పోతమ్మా?" అన్నాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నేను టీ తాగకుండా వచ్చేశాను. మళ్ళీ వెళ్తాను. ఒక్కదాన్నే అయినా వెళ్తాను.

షెడ్డులో నా బల్ల దగ్గర నేనొక్కదాన్నే. రొయ్య తల తీస్తూ ఆలోచించుకోవడానికి బోలెడు చోటు. నీది తప్పో ఒప్పో అమ్మవారు నాకు ఇంకా చెప్పలేదు. చెప్పినప్పుడు రాస్తాను, చెప్పకపోయినా రాస్తాను. కానీ ఒక్క సంగతి మాత్రం తేలింది. అమ్మ ఎప్పుడూ ఎవరినీ పనిలోంచి తీయలేదు. మేం తీశాం, ఆమె పేరు పెట్టి.

మూర్తి పెళ్ళి గోపాలపట్నంలోనే అయింది. వెళ్ళాను. నేనెవరో ఎవరికీ తెలియదు. అక్షింతలు వేసేటప్పుడు ఆ అబ్బాయి తలెత్తి నన్ను చూసి గుర్తుపట్టాడు. నీ పోలికలు నాలో ఉన్నాయి కదా. కళ్ళు నిండిపోయాయి. పక్కనున్న ఆ పెళ్ళికూతుర్ని కూడా చూశాను. ధనశ్రీ గుర్తొచ్చి, అక్కడ అన్నం తినకుండా వచ్చేశాను.

నువ్వు రావద్దు. నేను నీకు ఈ పేటలో నడిచే దారి ఉంచలేదు, ఇక రమ్మని ఏ ముఖంతో అడుగుతాను? గిన్నె మాత్రం పారేయకు. ఆ అబ్బాయి పులుసు వండిన గిన్నెలో నువ్వే వండుకో. చింతపండు ముందుగా నానబెట్టుకో, ఉప్పు చివర్లో వెయ్యి.

ఏ రోజు వెళ్తావో, ఏ రోజు వస్తావో రాయనన్నావు. అందుకని నువ్వు ఎప్పుడు నీళ్ళ మీద ఉన్నావో, ఎప్పుడు ఒడ్డున ఉన్నావో నాకు తెలియడం లేదు. ఇల్లంతా ఇసుక. అన్నం తింటుంటే కాళ్ళ కింద గరగరమంటోంది. నిన్న మీ బావ చూడలేక "నానూడ్సీనా?" అని లేచాడు.

చీపురు దాచేశాను.

అప్ప